గట్టు హాలు గడియారం

గడియారం మీట నొక్కే ముందు ఫీన్ బోగెర్స్ కుడిచేతి బొటనవేలి మీద ఒకసారి ఊదుకునేది.

ఆట మొదలయ్యేటప్పుడు ఊదేది. ఆగిన ఆట మళ్లీ కదిలేటప్పుడు ఊదేది. చలికి వేళ్లు కొంకర్లు పోయే రోజుల్లో పట్టుబడిన అలవాటు అది. నది గట్టు మీద ఆటలు జరిగే గట్టు హాలుకు హీటర్లు వచ్చాక కూడా పోలేదు. పై ఊళ్ల నుంచి వచ్చిన జనం ఆమె ఊదగానే వెక్కిరింపుగా అందరూ కలిసి ఊదేవాళ్లు. ఏడెనిమిది వందల మంది ఒక్కసారి ఊదితే హాలులో గాలి లేచినట్టుండేది. ఆమె తల ఎత్తేది కాదు. చూపు రెఫరీ చేతి మీద, వేలు మీట మీద.

మాస్‌వేర్ట్ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆమె మొదటి ఉద్యోగం. ఎవరు ఎంతసేపు మాట్లాడారో సెకన్లతో సహా రాయడమే పని. అరవై రెండులో యంత్రాలు వచ్చాయి, అమ్మాయిలు ఇళ్లకు వెళ్లారు. ఆ చలికాలమే, అమ్మాయిల బడి వ్యాయామశాలలో బాస్కెట్‌బాల్ ఆడిస్తున్న చర్చి కుర్ర పాదిరి ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. "సెకన్లు రాసే అమ్మాయివి నువ్వేనా? మాకు గడియారం చూసే మనిషి లేదు" అన్నాడు. వెళ్లింది. గడియారం బల్ల దగ్గర కూర్చుంటే ఇరవై తొమ్మిదేళ్లు మళ్లీ లేవలేదు.

జట్టు పేరు పడవవాళ్లు. వంతెన పడకముందు ఆ ఊరు నది దాటించి బతికిన ఊరు. తర్వాత జట్టు పై లీగుకు ఎక్కింది. ప్రతి సెప్టెంబరులో జట్టులో ఆడటానికి ఇద్దరు అమెరికన్లు దిగేవాళ్లు. పేరు మాత్రం ఎవరు డబ్బిస్తే వాళ్లది. కొన్నాళ్లు పరుపుల ఫ్యాక్టరీ పేరు, కొన్నాళ్లు దీపాల వ్యాపారి పేరు, చివరి ఐదేళ్లు బంగాళాదుంప వేపుడు కంపెనీ పేరు. చొక్కాల మీద ఏది రాసినా ఊరికి వాళ్లు పడవవాళ్లే. ఎనభై మూడులో దేశం కప్పు గెలిచారు. ఆ రాత్రి గట్టు మీద మనుషులు నడవడానికి చోటు లేకపోయింది.

ఫీన్ భర్త హారీ దుకాణాలకు బోర్డులు రాసేవాడు. పేరు మారినప్పుడల్లా హాలు గోడ మీద కొత్త పేరు రాసింది అతనే. అక్షరం రాస్తున్నంతసేపు ఊపిరి బిగబట్టేవాడు. ఇంట్లో ఇద్దరూ తక్కువ మాట్లాడేవాళ్లు.

క్లబ్బు అధ్యక్షుడు లాంబెర్ట్ టీలెన్స్. ఇరవై రెండేళ్లు అతనే. కార్నివాల్ కమిటీలో అతనే, చర్చి పాటల బృందంలో అతనే, వరద వస్తే గట్టు మీద ఇసుక బస్తాల దగ్గరా అతనే. పెద్ద గొంతు. అందరి పిల్లల పేర్లూ గుర్తుండేవి.

డెబ్బై తొమ్మిదిలో ఒక ఆట. పడవవాళ్లు ఒక పాయింటు ముందున్నారు. బంతి బయటికి పోయింది. ఫీన్ గడియారం ఆపింది. రెండు సెకన్లు మిగిలాయి. ఆ రెండు సెకన్లలో ఎదుటివాళ్లు బంతి వేసి గెలిచి వెళ్లిపోయారు.

హాలు ఖాళీ అయ్యాక లాంబెర్ట్ బల్ల దగ్గరికి వచ్చాడు. ఫీన్ పక్కన స్కోరు రాసే కోస్ ఇంకా కాగితాలు సర్దుతున్నాడు.

"ఆ రెండు సెకన్లూ ఎవడబ్బ సొమ్మని దాచి వాళ్లకిచ్చావ్, ఫీన్? కాస్త కళ్లు మూసుకుంటే పోయేవి కదా!"

"నీ అబ్బ సొమ్ము మాత్రం కాదు, లాంబెర్ట్."

కోస్ పెన్ను కింద పడేసుకుని, దాన్ని వెతకడానికి బల్ల కిందికి దూరి, అక్కడే కూర్చుని నవ్వాడు. వారం రోజులు రొట్టెల కొట్టులో ఫీన్‌తో ఎవరూ మాట్లాడలేదు. ఆమెకు అది పెద్దగా పట్టలేదు. తప్పు చేయలేదని తెలిసిన మనిషికి ఒక వారం ఎంతసేపు.

తొంభై ఒకటి ఏప్రిల్‌లో అంతా అయిపోయింది.

పద్దెనిమిదో తేదీ, గురువారం, రాత్రి ఏడూ నలభైకి లాంబెర్ట్ క్యాంటీన్‌లో బల్ల మీదికెక్కాడు. వచ్చే సంవత్సరం అన్నీ సిద్ధమన్నాడు. హాలు నేల అరిగిపోయింది, కొత్త సంవత్సరానికి కొత్త నేల కావాలి, శనివారం బ్రష్షులు పట్టుకుని రండి అన్నాడు. నలభై ఒక్క మంది వచ్చారు. శనివారమంతా మోకాళ్ల మీద పాత పూత గీకారు. ఆదివారం గీతలు వేశారు. నడి వలయంలో హారీ పడవవాణ్ణి గీశాడు. పొద్దున ఏడింటికి మొదలుపెట్టి, మధ్యాహ్నం నాలుగూ పదికి లేచాడు. లేవడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. సాయంత్రం అందరూ కలిసి పైపూత వేసి, బూట్లు చేత్తో పట్టుకుని అంచుల వెంట బయటికి నడిచారు.

సోమవారం హాలుకు తాళం పడింది. మంగళవారం పత్రికలో వచ్చింది. పై లీగులో పడవవాళ్ల స్థానాన్ని పడమటి నగరంలో ఒక జట్టుకు అమ్మేశారు. కాగితాల మీద సంతకాలు బుధవారం, పదిహేడో తేదీ, సాయంత్రం నాలుగింటికి ఒక హోటల్లో జరిగాయి. కొత్త జట్టు పాలకవర్గంలో లాంబెర్ట్ టీలెన్స్‌కు ఒక కుర్చీ.

బుధవారం అమ్మేశాడు. గురువారం పిలిచాడు. శని, ఆదివారాలు వాళ్లు వంగి పని చేశారు.

ఎందుకో వేసవిలో తెలిసింది. కోస్ మునిసిపాలిటీలో గుమస్తా. హాలు అద్దె కాగితం అతని చేతిలో పడింది. ఖాళీ చేసేటప్పుడు నేల కొత్తదానిలా అప్పగించాలి, లేకపోతే ఆ ఖర్చు అధ్యక్షుడు సొంతంగా పెట్టుకోవాలి అని అందులో ఉంది. కోస్ వచ్చి ఫీన్ వంటింట్లో నిలబడే ఆ సంగతి చెప్పాడు. హారీ విన్నాడు. చేతిలో ఉన్న కప్పు కడిగి, తుడిచి, అల్మారాలో పెట్టాడు. ఆ రోజు నుంచి అతను గట్టు దారిన వెళ్లలేదు. రొట్టె తేవాలన్నా చుట్టూ తిరిగి వెళ్లేవాడు. పదేళ్లు అలా తిరిగి, రెండువేల ఒకటిలో చనిపోయాడు. అంతకు మూడేళ్ల ముందే హాలు కూల్చి ఇనుప సామాన్ల దుకాణం కట్టారు. నగరానికి పోయిన జట్టు ఆరేళ్లకే మూతపడింది.

ఊరికి అంతా తెలుసు. లాంబెర్ట్ ముఖం మీద ఎవరూ అనలేదు. చిన్న ఊరు. పాటల బృందంలో పక్కన నిలబడాలి, వరద వస్తే బస్తా అందుకోవాలి.

ప్రతి నవంబరులో కోస్ పుట్టినరోజు. అక్కడి పుట్టినరోజులకు కుర్చీలు గుండ్రంగా వేస్తారు. వచ్చినవాళ్లు ఒక్కొక్కరికీ చేయి కలిపి అభినందించాలి. పుట్టినరోజువాడికే కాదు, వాడి భార్యకు, చెల్లెలికి, పక్కింటివాళ్లకు, స్నేహితులకు, అందరికీ. లాంబెర్ట్ ఏటా వచ్చేవాడు. వలయమంతా తిరిగి ఫీన్ దగ్గర ఆగేవాడు.

"కోస్ పుట్టినరోజుకి అభినందనలు, ఫీన్."

"నీక్కూడా, లాంబెర్ట్."

చేయి ఇచ్చేది. ఇంటికి వచ్చి ఆ చేయి కడుక్కునేది. పద్దెనిమిది నవంబర్లు. మర్చిపోయిందని అతను అనుకున్నాడు. ఓర్పు వేరు, మరుపు వేరు అని అతనికి ఎవరూ చెప్పలేదు.

పంతొమ్మిదో ఏడు వేసవి చివర, లాంబెర్ట్ కూతురు మార్లూస్ ఆప్రికాట్ పండ్లు పరిచి కాల్చిన టార్ట్ పట్టుకుని ఫీన్ ఇంటికి వచ్చింది. నలభై దాటిన మనిషి, బడిలో టీచరు. చిన్నప్పుడు ఆట జరుగుతున్నంతసేపూ ఫీన్ బల్ల కింద కూర్చుని బొమ్మలు గీసుకునేది.

"ఫీన్ అత్తా, ఒక రహస్యం. ఎవరికీ చెప్పకూడదు. నాన్నకైతే అసలు తెలియకూడదు."

"నేను మీ నాన్నతో ఏం మాట్లాడతానే? కాఫీలోకి పాలు పోయనా?"

"కొంచెం. ఊరికి సేవ చేసినవాళ్లకిచ్చే రాణిగారి రిబ్బన్ ఉంది కదా, నాన్నకి దానికోసం దరఖాస్తు పెడుతున్నాను. వచ్చే ఏప్రిల్‌కి. ఆయనతో పనిచేసినవాళ్లు ఉత్తరాలు రాయాలి. పాటల బృందం రాసింది, కార్నివాల్‌వాళ్లు రాశారు. క్లబ్బు గురించి కోస్ మామ అరపేజీ రాశాడు. కానీ మొదటి నుంచి చివరి రోజు దాకా ఉన్నది నువ్వొక్కదానివే."

"చివరి రోజు దాకా" అంది ఫీన్.

"నేనప్పుడు ఉత్తరాన చదువుకుంటున్నాను కదా. డబ్బుల్లేక ఆగిపోయిందని నాన్న ఫోన్లో చెప్పాడు. ఏడుస్తున్నట్టే అనిపించింది. ఆ తర్వాత దాని గురించి ఆయన మాట్లాడడు. చాలా బాధపడి ఉంటాడు."

ఫీన్ టార్ట్ మీద నుంచి చూపు తిప్పలేదు. "పెద్ద ముక్క కోశావే. సగం చాలు నాకు" అంది. కాసేపటికి, "రాస్తాను" అంది.

మర్నాడు సైకిలెక్కి కోస్ ఇంటికి వెళ్లింది. అతను పెరట్లో చిక్కుళ్లు తెంపుతున్నాడు.

"ఏమయ్యా, ఏం రాశావు వాడి గురించి?"

"మంచే రాశాను."

"సిగ్గులేదూ?"

"డెబ్బై నాలుగేళ్ల ముసలాడు, ఫీన్. వేలెడు గుడ్డ ముక్క. పోనీలే అనుకున్నాను. పిల్ల వచ్చి అడిగితే ఏం చెయ్యను?"

"ఆ అద్దె కాగితం నీ చేతిలోనే కదయ్యా పడింది?"

"పడింది. అది చూపించి నేనేం బావుకున్నాను? హారీ గట్టెక్కడం మానేశాడు." కోస్ బుట్ట కింద పెట్టాడు. "ఆట అయిపోయి పంతొమ్మిదేళ్లవుతోంది. నువ్వింకా గడియారం ఆపలేదు."

"రెఫరీ చెయ్యెత్తలేదు" అంది ఫీన్. సైకిల్ తిప్పుకుంది.

వారం రోజులు ఆలోచించింది. చెడు రాస్తే మార్లూస్ దాన్ని పెట్టదు, దరఖాస్తే ఆగిపోవచ్చు. అప్పుడు లాంబెర్ట్‌కు తెలిసేదేముంది? అడిగారనీ తెలియదు, ఇవ్వలేదనీ తెలియదు. తెలియని దెబ్బ దెబ్బ కాదు. రిబ్బన్ పోవడం ఆమెకు చాలదు. నలుగురిలో నిలబడి అతను ఆ రెండు రోజుల సంగతి వినాలి. హారీ మోకాళ్ల గురించి వినాలి.

అయిదేళ్ల కింద కోస్‌కు అదే రిబ్బన్ వచ్చినప్పుడు ఆమె టౌన్‌హాల్‌లో ఉంది. మేయరు వచ్చిన ఉత్తరాల్లోంచి వాక్యాలు ఏరి పైకి చదవడం విన్నది. ఇప్పుడున్న మేయరమ్మ ఉత్తరాది మనిషి, ఊరికి వచ్చి మూడేళ్లే, ఆ నేల కథ ఆమెకు తెలియదు.

ఉత్తరం ఒక పేజీ వచ్చింది. పొగడ్త ఒక్కటి లేదు, తిట్టు ఒక్కటి లేదు. తేదీలు, గంటలు, మనుషుల లెక్క. గురువారం ఏడూ నలభైకి అధ్యక్షుడు పిలిచారు. శనివారం పొద్దున ఎనిమిదింటికి నలభై ఒక్క మంది వచ్చారు. ఏ ఇంటి నుంచి ఎవరు వచ్చారో. ఎవరు ఏ మూల గీకారో. హారీ బోగెర్స్ ఏడు నుంచి నాలుగూ పది దాకా. సోమవారం మునిసిపాలిటీకి అప్పగించినప్పుడు నేల మీద ఒక్క గీరు లేదు. బుధవారం సంగతి రాయలేదు.

మార్లూస్ చదివి కళ్లు తుడుచుకుంది. "ఇంతమందిని కదిలించాడా నాన్న! ఇది చాలు, అత్తా" అంది.

ఏప్రిల్ ఇరవై తొమ్మిదిన, రాణిగారి పండగకు ముందురోజు, పక్క ఊళ్లో మనవరాలి పాట పోటీ ఉందని చెప్పి లాంబెర్ట్‌కు కొత్త కోటు తొడిగించి టౌన్‌హాల్‌కు తీసుకొచ్చారు. లోపల అడుగుపెట్టి, తన వాళ్లందరినీ చూసి, నోరు తెరిచి నిలబడ్డాడు. అందరూ నవ్వారు. క్లబ్బు పాతవాళ్లు ఎనిమిది మంది మూడో వరుసలో ఉన్నారు. కోస్ అక్కడే. ఫీన్ చివరి కుర్చీలో.

మేయరమ్మ పాటల బృందం గురించి చెప్పింది. కార్నివాల్ గురించి చెప్పింది. తర్వాత కళ్లజోడు సవరించుకుంది.

"ఇప్పుడు నాకు అన్నిటికన్నా నచ్చిన ఉత్తరం. నాయకత్వం అంటే ఏమిటో ఇందులో ఉంది. ఏప్రిల్ పద్దెనిమిది, గురువారం, రాత్రి ఏడూ నలభై..."

లాంబెర్ట్ నవ్వు ముఖం మీద అలాగే ఉంది, కళ్లలోంచి మాత్రం పోయింది. మేయరమ్మ నిదానంగా చదివింది. ఇళ్ల పేర్లు చదివింది. మూడో వరుసలో ఒకామె తన తండ్రి పేరు విని తల దించుకుంది. హారీ పేరు చదివింది, ఏడు నుంచి నాలుగూ పది దాకా.

"సోమవారం ఆ నేల మా మునిసిపాలిటీకి అప్పగించినప్పుడు దాని మీద ఒక్క గీరు లేదట. లాంబెర్ట్ గారూ, ఈ రోజుల్లో ఒక్క మాటకు నలభై ఒక్క మందిని మోకాళ్ల మీద కూర్చోబెట్టగలిగేవాళ్లు ఎంతమంది?"

మార్లూస్ చప్పట్లు మొదలుపెట్టింది. ముందు వరుసలు కొట్టాయి. మూడో వరుసలో ఎనిమిది జతల చేతులు ఒడిలోనే ఉన్నాయి. కోస్ చేతులు కూడా. అందరూ చలించిపోయారనుకుంది మేయరమ్మ. రిబ్బన్ గుచ్చేటప్పుడు లాంబెర్ట్ ఆమెను చూడలేదు. తలల మీదుగా చూపుతో వెతికి ఫీన్‌ను పట్టుకున్నాడు. ఆమె చూపు తిప్పలేదు.

తర్వాత కాఫీ. గులాబీ రంగుకు బదులు ఆ రోజుకు రాణిగారి వంశం రంగైన నారింజ పూసిన క్రీమ్ కేకులు. అభినందించేవాళ్ల వరుస గోడ వెంట సాగింది. ఫీన్ తన వంతు వచ్చేదాకా నిలబడింది. అతను చేయి చాచాడు. ఆమె చేతిలో కాఫీ కప్పు ఉంది. రెండో చేయి కోటు జేబులో ఉంది.

"నువ్వే రాశావు" అన్నాడు గొంతు తగ్గించి.

"మీ అమ్మాయి అడిగింది."

"అన్నీ రాశావు."

"అన్నీ కాదు. బుధవారం రాయలేదు."

అతను వెనక్కి చూశాడు. నాలుగడుగుల దూరంలో మార్లూస్ ఎవరితోనో నవ్వుతోంది.

"దానికి తెలియదు, ఫీన్."

"తెలుసు నాకు. డబ్బుల్లేక ఆగిందని చెప్పావుట. ఏడ్చావుట కూడా."

"పంతొమ్మిదేళ్లు... ఇప్పుడేం కావాలి నీకు? క్షమించమని అడగనా? అడుగుతున్నా."

"నన్నెందుకు అడుగుతావు? హారీని అడగాల్సింది. పదేళ్లు టైమిచ్చాడు."

వెనక నిలబడ్డవాళ్లు కదిలారు. ఫీన్ కప్పులో మిగిలింది తాగేసింది.

"రేపు పొద్దున పదింటిదాకా నీది. నువ్వే చెప్పు దానికి. పదయ్యాక నేను చెప్తాను."

"రేపు పండగ, ఫీన్."

"పది" అంది ఫీన్, కప్పు బల్ల మీద పెట్టి.

గుమ్మం దగ్గర మార్లూస్ పరుగున వచ్చి వాటేసుకుంది. "నాన్నని ఇలా ఎప్పుడూ చూడలేదు, అత్తా. మాటే రావడం లేదు ఆయనకి." కాస్త ఆగి, "కోస్ మామావాళ్లు చప్పట్లు కొట్టలేదేం?" అంది.

"చేతుల్లో సత్తువుండొద్దూ? ముసలివాళ్లం" అంది ఫీన్.

కోస్ ఆమెతో పాటు సైకిళ్ల దాకా నడిచాడు. తాళం తీస్తూ, "చాల్లే ఇక. పిల్లదాన్ని వదిలెయ్" అన్నాడు.

"పిల్లది కాదు. నలభై నాలుగేళ్లు."

"అది నీకేం చేసింది?"

ఫీన్ తన సైకిల్ బయటికి లాగింది. ఏమీ చేయలేదని ఆమెకు తెలుసు. దెబ్బ లాంబెర్ట్‌కు తగలాలంటే దారి అదొక్కటే. ఆ సంగతీ తెలుసు.

మర్నాడు పొద్దున ఫీన్ తలస్నానం చేసి, మంచి కోటు వేసుకుని, మార్లూస్ ఉండే వీధికి సైకిల్ మీద వెళ్లింది. వీధి పొడవునా జనం దుప్పట్లు పరిచి పాత సామాన్లు అమ్ముకుంటున్నారు. ఇళ్ల మీద జెండాలు. మలుపు దగ్గర బ్యాండు వాయిస్తోంది. మార్లూస్ ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఆమె గొంతు, గిన్నెల చప్పుడు. ఫీన్ గడియారం చూసుకుంది. తొమ్మిదీ నలభై తొమ్మిది. సైకిల్ ఎదురింటి గోడకు ఆనించి నిలబడింది. పక్కన దుప్పటి మీద ఒకామె పింగాణీ కుక్కపిల్లల్ని అమ్ముతోంది. ఫీన్ ఏదీ ముట్టుకోలేదు.

తొమ్మిదీ యాభై ఆరుకు లాంబెర్ట్ వచ్చాడు. నిన్నటి కోటే. రిబ్బన్ దాని మీదే ఉంది. దారిలో ఇద్దరు ఆపి చేయి కలిపారు. తెరిచిన తలుపు దాకా వచ్చాడు, ఎదుటి గోడ దగ్గర ఫీన్‌ను చూశాడు, ఆగాడు.

"ఇంకా నాలుగు నిమిషాలు" అంది ఫీన్. గట్టిగా కాదు, వినిపించేంత.

అతను తలుపు వైపు చూశాడు. లోపల మార్లూస్ ఏదో పాట అందుకుంది. గడప మీద ఒక కాలు పెట్టాడు. పెట్టి, అలాగే నిలబడ్డాడు. తర్వాత ఆ కాలు వెనక్కి తీసుకుని, ఏదో మర్చిపోయినవాడిలా జేబులు తడుముకుని, బ్యాండు వైపు నడిచాడు. జనం అతనికి దారి ఇచ్చారు.

ఫీన్ కదల్లేదు. మిగిలిన నాలుగు నిమిషాలూ అక్కడే నిలబడింది. అతను వెనక్కి తిరిగి వస్తే పక్కకు తప్పుకునేది.

చర్చి గంట పది కొట్టింది. ఆఖరి దెబ్బ పూర్తయ్యాక ఆమె వీధి దాటింది.

"ఫీన్ అత్తా! లోపలికి రా, రా! కాఫీ ఇప్పుడే దింపాను. నాన్న కూడా వస్తానన్నాడు, ఇంకా రాలేదు."

"కాఫీ తర్వాత. నువ్వు కూర్చో ముందు" అంది ఫీన్.

మార్లూస్ చేతులు తుడుచుకుంటూ కూర్చుంది. ఫీన్ కోటు విప్పకుండా ఎదురు కుర్చీ లాక్కుని, పదిహేడో తేదీ, బుధవారం, సాయంత్రం నాలుగింటి నుంచి మొదలుపెట్టింది.